కలకత్తాలో లలితగారి ముప్పై ఏళ్ళు

(కోల్‌కతాలో జరిగిన తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ముందు మాట్లాడమన్నారు. ఈ వేళప్పుడు మైకు పట్టుకున్నవాడి మీద ఎవరికీ సదభిప్రాయం ఉండదు. పక్క గదిలోంచి పులిహోర పోపు వాసన వస్తోంది. కోల్‌కతాలో ఆ వాసనకు ఎంత విలువో నాకూ తెలుసు. అందుకే కార్యక్రమ పత్రంలో నలభై నిమిషాలు అని వేసినా, ఇరవై నిమిషాల్లో ముగిస్తానని ముందే హామీ ఇస్తున్నాను. బ్యాంకువాడి హామీ కాబట్టి నమ్మవచ్చు.

మూడు వారాల కిందట లంచ్ టైములో మన సహోద్యోగి ఒకాయన నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను. వాళ్ళమ్మాయి ఈ ఏడు ఇంటర్ పూర్తి చేసింది. సివిల్ ఇంజనీరింగ్‌లో చేరి, ఆపైన పర్యావరణ ఇంజనీరింగ్ చదువుతానంటోంది. ఆయన దిగులుగా, “అది మురుగుకాలవల చదువండీ. కంప్యూటర్స్‌లో సీటు వస్తుంటే ఇదేం పట్టుదల? సైట్ల చుట్టూ తిరగాలి, రేపు పెళ్ళయితే ఎవరు ఒప్పుకుంటారు? మీరు ప్రాజెక్టు లోన్ల ఫైళ్ళు చూస్తుంటారు కదా, ఈ లైనులో ఒక ఆడపిల్ల పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు ఉద్యోగం చెయ్యగలదా?” అని అడిగారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. “సాయంత్రం మాట్లాడుకుందాం” అన్నాను. ఆ సాయంత్రం ఇవాళ్టికి వచ్చింది.

ముందు ఆ మురుగుకాలవల సంగతి రెండు మాటల్లో చెప్తాను. మనం ఎయిర్‌పోర్టుకి వెళ్ళేటప్పుడు ఈఎం బైపాస్ మీంచి తూర్పువైపు చూస్తే నీళ్ళు, గట్లు, కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. కోల్‌కతా నేల హుగ్లీ నది వైపు కాకుండా తూర్పుకి వాలి ఉంటుంది. అందుకే నగరం మురుగులో పెద్ద భాగం కాలవల్లో ఆ వైపుకే పోతుంది. అక్కడ భేరీలు అని పిలిచే లోతు తక్కువ చెరువుల్లోకి ఆ నీటిని కొలతగా వదులుతారు. ఎండ, నాచు, సూక్ష్మజీవులు కలిసి దాన్ని శుభ్రం చేస్తాయి. ఆ నీటిలోనే చేపలు పెరుగుతాయి. మనం బజార్లో కొనే రుయీ, కట్లాల్లో కొన్ని అక్కడివే. 12,500 హెక్టార్ల ఈ తడినేలలకు 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. జాలరులూ రైతులూ తరాలుగా నడుపుకొస్తున్న ఈ ఏర్పాటు విలువను 1980లలో లెక్కలతో సహా లోకానికి చెప్పినవారు ధ్రువజ్యోతి ఘోష్. ఆయన రాష్ట్ర ప్రభుత్వంలో ఇంజనీరు. పర్యావరణ ఇంజనీరింగ్ అంటే ఇదీ. మంచినీళ్ళు, మురుగు, గాలి, చెత్త. ఇవి సరిగ్గా నడిచినంతకాలం ఆ పని చేసినవాళ్ళ పేరు ఎవరికీ గుర్తుకు రాదు.

అమ్మాయి ఎంచుకున్న చదువు మంచిదని చెప్పడానికి ఇంతమాత్రం చాలు. కానీ ఆ తండ్రి నన్నడిగింది చదువు గురించి కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసు గురించి. దానికి సిద్ధాంతాలు పనికిరావు. మా ఎంబీఏలో ఏ ప్రశ్నకైనా ముందు ఒక కేసు తెచ్చి చేతిలో పెట్టేవారు. నేనూ ఒక కేసు తెచ్చాను. మనం కూర్చున్న ఈ నగరంలోనే దాదాపు ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా పనిచేసిన ఒక తెలుగామె కేసు. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. ఆమెది పర్యావరణ శాఖ కాదు, ఎలక్ట్రికల్. అయినా మన ప్రశ్నకు జవాబు ఆమె సర్వీసు రికార్డులో ఉంది.

లలితగారు 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో అయిదో ఆమె. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఆ ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లు కావడం, ఆడపిల్లలు కాస్త చదువుకుని పెళ్ళి చేసుకోవడం ఆనాటి పద్ధతి. లలితగారికి 1934లో, పదిహేనో ఏట పెళ్ళయింది. 1937 సెప్టెంబరులో కూతురు పుట్టింది. ఆ పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు.

పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, ఒళ్ళో నాలుగు నెలల బిడ్డ. 1938లో బ్రాహ్మణ కుటుంబంలో వితంతువు అంటే ఎలాంటి జీవితమో ఇక్కడున్న పెద్దవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మన అమ్మమ్మల, నాయనమ్మల తరంలో ప్రతి ఇంట్లోనూ వంటింటి వెనక గదిలో అలాంటి ఒక మనిషి ఉండేవారు. అందరి పురుళ్ళూ పోసి, అందరి పిల్లల్నీ సాకి, ఫోటోల్లో మాత్రం కనిపించని మనిషి.

లలితగారు పుట్టింటికి వచ్చి చదువు మళ్ళీ మొదలుపెట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. తర్వాత ఏం చదవాలన్న ప్రశ్న వచ్చింది. ఆరోజుల్లో ఆడవాళ్ళు డాక్టర్లవడం కొత్త కాదు. కానీ డాక్టరుకి అర్ధరాత్రి పిలుపు వస్తుంది. పసిబిడ్డను వదిలి అర్ధరాత్రి వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. పగలు పనిచేసి సాయంత్రానికి బిడ్డ దగ్గరికి రాగలిగే ఉద్యోగం కావాలి. ఇంట్లో తండ్రీ అన్నదమ్ములూ చేస్తున్నది కళ్ళముందే ఉంది. అలా ఇంజనీరింగ్ ఎంచుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఏదో రికార్డు సృష్టించాలని ఆమె ఇంజనీరింగ్‌లో చేరలేదు. బిడ్డ నిద్రపోయే వేళకు ఇంట్లో ఉండాలని చేరారు. “ఆడపిల్లకి, అందులోనూ తల్లికి, ఇంజనీరింగ్ కుదరదు” అని మనం ఇవాళ అంటున్నాం. తల్లిని కాబట్టే నాకు ఇంజనీరింగ్ కుదురుతుందని ఆమె 1940లో లెక్క వేసుకున్నారు.

గిండీ కాలేజీ 1794లో సర్వే స్కూలుగా మొదలైన సంస్థ. అప్పటిదాకా అక్కడ ఆడపిల్ల చదివింది లేదు. తండ్రి వెళ్ళి ప్రిన్సిపాల్ కె.సి. చాకోగారితో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న ఆర్.ఎం. స్టాథమ్ అనుమతి ఇచ్చారు. వందల మంది మగపిల్లల మధ్య ఒక్క అమ్మాయి. పాపను దగ్గరలోనే ఉన్న సోదరుడి ఇంట్లో ఉంచి ఆమె హాస్టల్లో ఉండేవారు. శనాదివారాల్లో బిడ్డ దగ్గరికి వెళ్ళేవారు.

క్లాసులో ఇబ్బంది పెద్దగా లేదు కానీ హాస్టల్లో ఒంటరితనం ఉండేది. అది గమనించి తండ్రి, గిండీలో ఆడపిల్లలకూ ప్రవేశం ఉందని తెలిసేలా చేశారు. మరుసటి సంవత్సరం కేరళ ప్రాంతం నుంచి పి.కె. త్రెస్యా, లీలమ్మ జార్జి సివిల్‌లో చేరారు. యుద్ధకాలంలో కోర్సును కుదించడంతో ముగ్గురూ ఒకేసారి బయటికి వచ్చారు. పట్టాల మీద ‘అతడు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటే అచ్చువేసి ఉంటే, దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో దిద్ది ఇచ్చారు. ఫారం మార్చేంత వ్యవధి లేనప్పుడు పెన్నుతో దిద్ది సంతకం పెట్టడం మనకూ అలవాటే. అలా దిద్దిన పట్టాతో 1943లో లలితగారు మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ పొందిన తొలి మహిళ అయ్యారు. త్రెస్యాగారు 1971లో కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు.

డిగ్రీకి కావలసిన పని అనుభవం కోసం లలితగారు బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేశారు. రైలింజన్లు విప్పి బిగించే చోటు అది. తర్వాత సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా రెండేళ్ళు పనిచేశారు. అక్కడ కూడా సోదరుడి కుటుంబంతో కలిసి ఉండవచ్చు అన్నదే ఆ ఉద్యోగంలోని సౌకర్యం. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పరీక్ష కూడా ఆ కాలంలోనే పాసయ్యారు.

1946లో ఉద్యోగం మాని మద్రాసు వచ్చి తండ్రికి పరిశోధనలో సాయపడ్డారు. సుబ్బారావుగారు రకరకాల వస్తువులు తయారుచేసేవారు. విద్యుత్తుతో పలికే సంగీత వాద్యం ఒకటి, పొగ రాని పొయ్యి ఒకటి. కట్టెపొయ్యి పొగ ఆడవాళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ ఎంత పాడుచేస్తుందో ఇప్పుడు ప్రభుత్వ పథకాల్లో చదువుతున్నాం. పర్యావరణ ఇంజనీరింగ్ అన్న మాట మన ఇళ్ళల్లో వినబడకముందే మద్రాసులో ఒక తండ్రీ కూతుళ్ళు ఆ పొయ్యి మీద పనిచేశారు.

ఆ పని ఆమెకు ఇష్టమైనదే. కానీ ఇష్టం ఒకటి, నెల జీతం ఒకటి. బిడ్డ పెరుగుతోంది. తొమ్మిది నెలల తర్వాత మళ్ళీ ఉద్యోగం వెతుక్కున్నారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. ఆమె రెండో సోదరుడు కలకత్తాలో ఉండడం అందుకు ముఖ్య కారణం.

1948 నాటి కలకత్తా ఊహించుకోండి. దేశం చీలి ఏడాది కాలేదు. సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారాల మీద శరణార్థుల కుటుంబాలు. 1943 కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ ఏడే తెరిచిన హౌరా బ్రిడ్జి కొత్తగా మెరుస్తోంది. సాయంత్రమైతే ఇంటింటా బొగ్గుపొయ్యిల పొగ లేచి వీధుల మీద పరుచుకునేది. పొగ రాని పొయ్యి మీద పనిచేసి వచ్చిన మనిషి ఆ ఊరికి వచ్చి పడ్డారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే పుణ్యమా అని తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు కానీ, కలకత్తా ఆఫీసులో డ్రాయింగు బల్ల ముందు ఇంజనీరుగా కూర్చున్న తెలుగు స్త్రీ అంటే ఎంత అరుదో చెప్పక్కర్లేదు.

ఆమె పని ఏమిటంటే, విద్యుత్తును దూరాలకు మోసే ట్రాన్స్‌మిషన్ లైన్లకు డిజైన్ చెయ్యడం. సబ్‌స్టేషన్‌లో ఏ పరికరం ఎక్కడ ఉండాలో నిర్ణయించడం. లైన్ల రక్షణ పరికరాల్లో వచ్చే సమస్యలు పరిష్కరించడం. కాంట్రాక్టులు నడిపించడం. రక్షణ పరికరాలంటే పిల్లలకు అర్థమయ్యేలా చెప్తాను. గాలివానకు ఎక్కడో లైను మీద చెట్టుకొమ్మ పడుతుంది. అప్పుడు రిలే దాన్ని పసిగడుతుంది. బ్రేకరు ఆ ఒక్క ముక్కనే క్షణంలో విడగొడుతుంది. మిగతా ఊళ్ళో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఆ ఏర్పాటు తప్పితే ఒక కొమ్మకు ఒక జిల్లా చీకట్లో పడుతుంది. లెక్క సరిగ్గా వేసినప్పుడు ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే ఆ ఇంజనీరు సాధించిన ఫలితం. ఇందాక చెప్పిన భేరీల పని కూడా సరిగ్గా ఇలాంటిదే.

ఆమె పనిచేసిన ప్రాజెక్టుల్లో అందరికీ తెలిసినది భాక్రా నంగల్. సట్లెజ్ నది మీద 226 మీటర్ల ఎత్తున కట్టిన ఆనకట్ట. 1963 అక్టోబరులో నెహ్రూగారు దాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడి విద్యుత్ జనరేటర్లకు సంబంధించిన పనిలో కలకత్తాలో కూర్చున్న ఈ తెలుగామె చెయ్యి ఉంది. కొత్త దేశానికి ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాలు, లైన్లు వరసగా లేస్తున్న కాలమది. ఆమె సర్వీసు మొత్తం ఆ కాలంతో పాటే నడిచింది.

1953లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా తీసుకుంది. పూర్తి సభ్యత్వం వచ్చింది 1966లో. మధ్యలో పదమూడేళ్ళు. ఇక్కడ ప్రమోషన్ లిస్టులో పేరు లేదని రెండేళ్ళకే నిరాశపడే కుర్రవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ రెండు సంవత్సరాలూ గుర్తుండాలని చెప్తున్నాను.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. మన దేశంలో అప్పటికి అలాంటి సంఘం లేదు. అందుకని లలితగారు సొంత హోదాలో వెళ్ళారు. ఎప్పటిలాగే చీర కట్టుకుని వెళ్ళిన ఆమెను అక్కడివాళ్ళు ఆశ్చర్యంగా చూశారు. నూట యాభై ఏళ్ళ కిందట పుట్టి ఉంటే భర్త చితి మీద తననూ కాల్చేసేవారని ఆమె అక్కడ అన్నారు. ఆ మాట అమెరికావాళ్ళకు వింతగా తోచి ఉంటుంది. మనకు తోచకూడదు. సతిని ఆపించాలని రామ్మోహన్ రాయ్ పోరాడింది ఈ ఊళ్ళోనే. దాన్ని నిషేధిస్తూ 1829లో చట్టం వచ్చిందీ ఇక్కడి నుంచే. వితంతు వివాహాల కోసం విద్యాసాగర్ పట్టుబట్టి 1856లో చట్టం తెప్పించిందీ ఇక్కడి నుంచే. ఆ దారిలోనే మన కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. బతకడానికి హక్కు ఒక తరం సంపాదించిపెట్టింది. పెళ్ళికి హక్కు ఇంకో తరం. ఉద్యోగానికీ జీతానికీ హక్కును లలితగారు ఎవరితోనూ గొడవపడకుండా, రోజూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి సంపాదించుకున్నారు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండో సమావేశం జరిగినప్పుడు దానికి మన దేశం తరఫు ప్రతినిధి ఆమే. ఆ ఏడే ఆమె కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ, జీఈసీ, కొనేసింది. విలీనం అంటే ఏమిటో మన ఇళ్ళల్లో వేరే చెప్పక్కర్లేదు. బోర్డు మారుతుంది. పాత పనే కొత్త పేరు మీద చేస్తాం. ఆమె కూడా అలాగే చేసుకుంటూ పోయి 1977లో రిటైరయ్యారు. ఆ తర్వాత దక్షిణాది చూసి వచ్చారు. 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట కన్నుమూశారు. రిటైరయ్యాక మిగిలింది రెండేళ్ళే. ఆమె కూతురు బాగా చదువుకుని తన దారి తాను చూసుకుంది.

ఇది ఒక్కరి కథ అనుకుంటే పొరపాటు. లలితగారు కలకత్తాలో దిగడానికి ఏడాది ముందు, 1947లో, నది అవతల శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజనీరింగ్ కాలేజీలో ఇలా మజుందార్ అనే అమ్మాయి చేరారు. సివిల్ చదవాలనుకున్నారు. ఆడపిల్లకు ఎండలో కష్టమని చెప్పి మెకానికల్‌లో వేశారు. 1951లో పట్టా తీసుకున్నారు. గ్లాస్గోలో శిక్షణ పొంది, డెహ్రాడూన్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1963లో కోల్‌కతాలో మహిళా పాలిటెక్నిక్ తెరిస్తే మొదటి ప్రిన్సిపాల్ ఆమే. సివిల్ ఎండపని కాబట్టి వద్దన్న మాట 1947లో ఉంది, మొన్న మన క్యాంటీన్లోనూ వినబడింది. మధ్యలో దేశంలో వేలమంది ఆడపిల్లలు సివిల్ చదివేశారు. మాట మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఫైలు మూసి అప్రైజల్ రాద్దాం. ప్రాజెక్టు లోనుకి మనం మూడు చూస్తాం కదా. ప్రమోటరు ఎవరు, సాంకేతికంగా కుదురుతుందా, గ్యారంటీ ఎవరిది. లలితగారి కేసులో మొదటి రెండింటికీ సందేహం లేదు. నన్ను ఆలోచనలో పడేసింది మూడోది.

ఆమె జీవితంలో ప్రతి మలుపులోనూ ఒక ఇల్లు ఉంది. మద్రాసులో సోదరుడి ఇల్లు. సిమ్లాలో సోదరుడి ఇల్లు. కలకత్తాలో ఇంకో సోదరుడి ఇల్లు. ఆమె ఆఫీసులో లైన్ల లెక్కలు వేస్తున్న గంటల్లో బడి నుంచి వచ్చిన పాపకు అన్నం పెట్టిన మనుషులున్నారు. ఆ వదినల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. తండ్రి ప్రిన్సిపాల్ గది తలుపు ఒకసారి తట్టి ఊరుకోలేదు. హాస్టల్లో తోడు కోసం మళ్ళీ ఆలోచించాడు. ముప్పై ఏళ్ళ సర్వీసుకు వీళ్ళంతా గ్యారంటీదార్లు. తెలివి ఆమెదే, కష్టం ఆమెదే. కానీ ఈ సంతకాలు లేకపోతే ఆ తెలివి వెనకగదిలోనే ఉండిపోయేది.

మన బ్యాంకులోనే చూడండి. భర్త సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం కింద చేరిన సోదరీమణులు ఎంతమంది లేరు! మొదటిరోజు కౌంటరు ముందు కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నవాళ్ళను చూశాను. ‘పాపం’ అని అందరం అంటాం. పదిహేనేళ్ళ తర్వాత ఆ బ్రాంచిలో ఏ సర్క్యులర్ ఎప్పుడొచ్చిందో చెప్పగలిగేది ఆవిడే. కానీ ప్రమోషన్ పరీక్ష రాయమంటే, “బదిలీ వస్తే పిల్లల్ని ఎవరు చూస్తారు సార్?” అంటారు. అది ఆమె తెలివికి సంబంధించిన ప్రశ్న కాదు. కలకత్తాలో ఆమెకు ఒక అన్నయ్య ఇల్లు ఉందా, లేదా అన్న ప్రశ్న.

ఇంకొక మాట చెప్పి దిగిపోతాను. ఇది చెప్పనా అని నిన్న రాత్రి మా ఆవిడను అడిగాను. “చెప్పండి, కానీ నన్ను పాపం మనిషిని చెయ్యకండి” అంది. పెళ్ళినాటికి ఆవిడ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరు. నా మొదటి బదిలీకి లాంగ్ లీవు పెట్టింది. రెండోదానికి రాజీనామా చేసింది. మూడో ఊళ్ళో మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంది. నాలుగోసారి కోల్‌కతా ఆర్డరు వచ్చినప్పుడు వెతకలేదు. ప్రతిసారీ నేను స్వీటు బాక్సు తెచ్చాను. ప్రతిసారీ బదిలీ ఫారంలో సామాను ఖర్చుకు ఒక గడి ఉంది, పిల్లల చదువుకు ఒక గడి ఉంది. ఆవిడ ఉద్యోగానికి గడి ఎక్కడా లేదు. ఫారంలో లేదు సరే, నా బుర్రలోనైనా ఉండాలి కదా. ‘నువ్వు ఇక్కడే ఉండి చేసుకో, పిల్లాడిని నేను తీసుకెళ్తాను’ అన్న మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. లలితగారి కథ చదువుతున్నప్పుడు నన్ను నేను ఆ సోదరుల పక్కన నిలబెట్టుకుని చూశాను. వాళ్ళు నాకంటే చాలా ముందు పుట్టిన మనుషులు. ఎంబీఏలు చదవలేదు. ఆ పరీక్షలో వాళ్ళు పాసయ్యారు, నేను కాలేదు.

గత నెల నుంచి మా ఆవిడ మళ్ళీ ఆన్‌లైన్లో పిల్లలకు పాఠాలు చెప్తోంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వంటిల్లు నాది. చారు ఇంకా కుదరడం లేదు. మావాడు ఏమీ అనకుండా తింటున్నాడు.

ఇక నా టేబుల్ దగ్గరికి వచ్చి అడిగిన మిత్రుడికి జవాబు. అయ్యా, మీరడిగింది ఈ లైనులో ఆడపిల్ల ముప్పై ఏళ్ళు ఉద్యోగం చెయ్యగలదా అని. చెయ్యగలదు. మన ఊరామె ఒకరు, ఇంతకంటే కష్టమైన రోజుల్లో, ఒళ్ళో బిడ్డతో, ఇదే నగరంలో చేసి చూపించారు. మీ అమ్మాయి మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేసినా, తాగునీటి శాఖలో పనిచేసినా, ఆ భేరీలను కాపాడే పనిలో ఉన్నా, ఆమె పని సరిగ్గా జరిగినన్నాళ్ళూ మనలో ఎవరికీ ఆమె గుర్తుకు రాదు. నీళ్ళు తాగుతాం, చేపలు కొనుక్కుంటాం, అంతే. ఆమెను గుర్తుపెట్టుకోవలసింది ఇంట్లోవాళ్ళు. సీటు సంగతి ఆమె చూసుకుంటుంది. ఆ తర్వాతి ముప్పై ఏళ్ళలో ఆమె బిడ్డకు జ్వరం వచ్చిన రోజున, ఆమెకు బదిలీ అయిన రోజున ఎవరి ఇల్లు తెరిచి ఉంటుందో మనం చూసుకోవాలి. మొదటి పేరుగా మీది రాసుకోండి. రెండోది, ఆమె కోల్‌కతాలోనే చదివితే, మాది రాసుకోండి. మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. చారు మాత్రం నేను పెట్టిందే తాగాలి.

ఇరవై నిమిషాలన్నాను, ఒకటి రెండు ఎక్కువయినట్టుంది. వడ్డీ వెయ్యకండి. పులిహోర చల్లారిపోతోంది, పదండి.